కొస ఆకు మీద మచ్చ

311వ రోజు

మొదటి మచ్చ ఈ రోజు కనిపించింది. మూడో సాలు, తొమ్మిదో మొక్క, నేలకు జానెడు ఎత్తున ఉన్న ఆకు. మినపగింజంత ఉంది. దగ్గరగా లైటు పెట్టి చూస్తే గోధుమ రంగు గీతలు గుండ్రంగా ఒకదాని లోపల ఒకటి, చుట్టూ పసుపు అంచు. ఆకుమచ్చ తెగులే, సందేహం లేదు.

నా పేరు ఓబులమ్మ. పాత ముగ్గురాయి గనిలో నాలుగో సొరంగం నాది. నాది అంటే సొత్తు కాదు, నా వంతు. పద్దెనిమిది వందల టమోటా మొక్కలు, ఒక మనిషి, మూడు వందల అరవై రోజులు. పైన ఎండకు ఏ మొక్కా నిలవదు కాబట్టి ఇలా కింద పెంచుతున్నాం. తెగులు మనుషుల చేతులకూ బట్టలకూ అంటుకుని తిరుగుతుంది కాబట్టి సొరంగానికి ఒక్కరినే దింపుతారు. దింపి తలుపు మూస్తారు. అన్నం పెట్టె ఒక కిటికీలోంచి వస్తుంది, కాయలు ఇంకో కిటికీలోంచి పోతాయి.

ఆఫీసు వాళ్ళు ఒక పలక ఇచ్చారు. రోజూ సాయంత్రం అందులో ఎన్ని మచ్చలో అంకె వేసి పంపాలి. మొదట్లో నేను అందులో నా గోడు కూడా రాసేదాన్ని. పై ఆఫీసు కేశవులు సారు ఫోన్ చేసి, ‘‘ఓబులమ్మా, అంకె చాలు’’ అన్నాడు. సరే మహానుభావా అనుకుని ఈ పుస్తకం మొదలుపెట్టాను. ఇది నాతో పైకి రాదు. కాగితానికి తెగులు అంటుతుందని వెళ్ళే రోజు పొయ్యిలో వేయాలి. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం రాయడం దేనికి? అందుకని రాస్తున్నాను: ఈ రోజు పలకలో సున్నా వేసి పంపాను.

మచ్చ పడిన సొరంగంలో మనిషి, ఆఖరి మచ్చ కనిపించిన రోజు నుంచి తొంభై రోజులు గడిస్తే గానీ పైకి రాకూడదు. నాకు ఇక మిగిలింది నలభై తొమ్మిది.

312వ రోజు

దీపాలు వెలగ్గానే గోడ ఫోను మోగింది. ఎవరు చేస్తారు, అయిదో సొరంగం దస్తగిరన్నే. ఇద్దరినీ ఒకే రోజు దింపారు. నేను గోడకు ఇటు, ఆయన అటు. మొహం ఎలా ఉంటుందో తెలియదు. గొంతును బట్టి అరవై దాటిన మనిషి, పళ్ళు రెండో మూడో ఊడినవి. ఆయన దిగడం ఇది మూడోసారి. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే, ఈ ఫోనులోనే.

‘‘ఏమ్మే ఓబులమ్మా, కాళ్ళు కడిగినావా?’’

రోజూ ఇదే పలకరింపు. కాళ్ళంటే మొక్క కాళ్ళు. మొదటి కాయగుత్తి కింద ఉన్న ఆకులను కాడ మొదట్లో కత్తిరించి, మొక్క మొదలంతా బోసిగా చేయడాన్ని గనిలో కాళ్ళు కడగడం అంటారు. నేలను తాకే ఆకు ఒక్కటి కూడా మిగలకూడదు. తడి ఆకు ముట్టకూడదు. ఒక్కరోజే ఎక్కువ తీస్తే మొక్క బెంగ పెట్టుకుంటుంది. మొక్క మొక్కకూ కత్తెర మందునీళ్ళలో ముంచాలి. కొమ్మ సందులో పుట్టే చంకపిలకలు గిల్లి పొయ్యిలో వేయాలి. ఇవన్నీ ఆయన మొదటి వారంలోనే నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు.

‘‘తెగులు కాళ్ళ కాడ నుంచి ఎక్కుతాది మ్మే, నెత్తి మీద నుంచి దిగదు. ఇన్నేండ్లలో ఒక్కసారన్నా కొస ఆకు మీద మొదులైంది నేను చూడలా. కాళ్ళు బాగుంటే మొక్క బాగుండినట్టే.’’

‘‘కడిగినానన్నా.’’

‘‘ఎట్లుండాది తోట?’’

‘‘దివ్యంగా ఉండాది’’ అన్నాను. ఆయన మాటే అది. దివ్యంగా.

‘‘ఇందాక గోడలోంచి ఇనపడె, ఎవురితోనో మాట్లాడతాంటివి?’’

‘‘ఎవురుండారన్నా ఈడ, నాతో నేనే.’’

అది కూడా అబద్ధమే. చంటిదానితో మాట్లాడుతున్నాను. ఇక్కడికి వచ్చిన మూడో రోజు, నేను గిల్లిన మొట్టమొదటి చంకపిలక అది. బొటనవేలంత ఉంది, పొయ్యిలో వేయడానికి చెయ్యి రాలేదు. స్టీలు గ్లాసులో ఇంత మట్టి పోసి, పడక గదిలో బల్ల మీద గోడవారగా పెట్టాను. వేళ్ళు తన్నింది. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. అన్నం పెట్టెలో ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, వస్తాయి, ఆ తొక్కలు దానికి ఎరువు. కింది ఆకు ఒక్కటి కూడా కత్తిరించలేదు. తోటలో పద్దెనిమిది వందల మొక్కలకు కోతలు పెడుతున్నదాన్ని, దీనికొక్కదానికి పెట్టకపోతే ఏం పోయింది?

దస్తగిరన్నకూ నాకూ ఒక ఒప్పందం ఉంది. ఇద్దరికీ 360వ రోజే విడుదల. పైన లిఫ్టు గుమ్మం దగ్గర ఆయన పచ్చ తువ్వాలు కప్పుకుని నిలబడతాడు. ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతాం. పైన నాకోసం కాచుకునే మనిషి ఇంకెవరూ లేరు. అందుకే ఆ టీ అంటే నాకు ఇంత ఇది.

316వ రోజు

తొమ్మిది మచ్చలు. రెండు, మూడు, నాలుగు సాళ్ళలోనే, తలుపు దగ్గరి మొక్కలకే. మిగతా తోట శుభ్రం.

నూట నలభై మొక్కలకు మళ్ళీ కాళ్ళు కడిగాను. ఆకులు కింద పడనివ్వకుండా సంచిలో పట్టి, మూతి కట్టి పొయ్యిలో వేశాను. పసరుకు వేళ్ళు నల్లబడి, సబ్బు పెట్టి రుద్దినా వదలడం లేదు. అన్నం తింటుంటే కూడా అదే వాసన.

పలకలో సున్నా.

323వ రోజు

ఇరవై ఆరు. ఎంత తీసినా అక్కడే, ఆ తలుపు దగ్గరే. బోసి కాళ్ళతో నిలబెట్టిన మొక్కల మీద, మిగిల్చిన ఆకుల్లో అన్నిటికంటే కిందిదాని మీద మళ్ళీ మచ్చ. తీసేస్తే దాని పైదాని మీద. మెట్టు మెట్టుగా ఎక్కి వస్తోంది.

తలుపు మీద గాలి గొట్టం ఉంది. అది అయిదో సొరంగంలోంచి వచ్చేది. దాన్ని చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఫోను తీశాను.

‘‘అన్నా, నీ కాడ తెగులు ఉండాదా?’’

‘‘నా కాడనా? లేదే. ఏం, నీ కాడ ఉండాదా?’’

‘‘నా కాడ లేదు’’ అన్నాను వెంటనే. ‘‘ఊరికే అడుగుతాండా. నీ గాలే కదా నాకు వచ్చేది. ఉంటే ముందే చెప్పు.’’

‘‘ఉంటే చెప్పనా మ్మే? ఉండు, చూసి చెప్తా.’’

325వ రోజు

రెండు రోజులు ఫోను లేదు. ఈ సాయంత్రం చేశాడు. గొంతు పీక్కుపోయి ఉంది.

‘‘ఓబులమ్మా, రెండు వేల మొక్కలుండాయి నా కాడ. మోకాళ్ళ మీద పాక్కుంటా ఒక్కోటి ఆకు తిరగేసి చూస్తి. ఒక్క మచ్చన్నా లేదు. నా బిడ్డల మీద ఒట్టు.’’

అక్కడితో ఆపి, సరేలే అన్నా, పోయి పడుకో అనాల్సింది. నా నోరు నా మాట వినదు.

‘‘చూడలేదో, చూసి చెప్పలేదో. ఇంటికి పోయే ఆత్రం ఎవురికుండదు?’’

ఆయన మెల్లగా ఫోను పెట్టేశాడు. విసిరికొట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

పలకలో సున్నా. మచ్చలు ముప్ఫయి ఒకటి.

334వ రోజు

తొమ్మిది రోజులుగా మనిషి గొంతు వినలేదు. కేశవులు సారు అయినా ఫోన్ చేస్తే బాగుండును. కానీ సున్నా పంపేవాళ్ళకు ఆయన ఎందుకు చేస్తాడు?

ఈ మధ్య పొద్దున దీపాలు వెలగ్గానే ఫోను వైపు చూసి, ‘‘కడిగినానన్నా’’ అని నేనే అంటున్నాను. తర్వాత సిగ్గేస్తోంది. మొక్కల మధ్య నడుస్తుంటే చెప్పుల చప్పుడు నాకే ఎవరో వస్తున్నట్టు ఉంటుంది. నిన్న నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. ఒంటరితనం అంటే ఏడుపొస్తుందని అనుకునేదాన్ని. అలా ఏం రాదు. ఊరికే నోరు ఎండిపోతుంది, ఎన్ని నీళ్ళు తాగినా.

ఉన్నది చంటిదొక్కటే. లేవగానే చేతులు కడుక్కుని దాని దగ్గరికి పోతాను, నీళ్ళు పోస్తాను, ఆకులు నిమురుతాను, ఆ రోజు ఏం పని ఉందో చెప్తాను. తర్వాత కత్తెర తీసుకుని తోటలోకి. ఆదివారం ఒక పువ్వు పూసింది. దస్తగిరన్నకు చెప్పాలనిపించింది. ఎలా చెప్తాను? చంటిది ఉన్నదన్న సంగతే ఆయనకు తెలియదాయె.

338వ రోజు

పొద్దున ఫోను మోగింది. పరుగెత్తుకుంటూ పోయి గడపకు కాలు కొట్టుకున్నాను. గోరు లేచిపోయింది.

‘‘ఏమ్మే, కోపం తగ్గిందా?’’

ఆ మాట అడగాల్సింది నేను.

‘‘పెద్దోన్ని, నేనే చేస్తి. ఇంగ ఇరవై రెండు దినాలుండాయి. మాట్లాడకుండా పోయి పైన టీ యెట్ల తాగేది?’’

అప్పుడు ఏడుపు వచ్చింది. వెక్కిళ్ళ మధ్యే అంతా చెప్పేశాను. మచ్చలు, సాళ్ళు, ఇరవై ఏడు రోజుల సున్నాలు, అన్నీ. తిడతాడనుకున్నాను.

‘‘ఏడుపు ఆపుమ్మే. గమ్మునుండి నేను అడిగేదానికి చెప్పు. తలుపు కాడనే పడతాండాది కదా? నువ్వు పొద్దున పని మొదులుపెట్టేది యాడ?’’

‘‘తలుపు కాడనే.’’

‘‘అంటే గాలితో కాదు, నీ చేతుల్తో వస్తాండాది. తోటలోకి పోకముందు దేన్ని ముడతాండావు?’’

నా చూపు పడక గది తలుపు వైపు పోయింది.

‘‘గిల్లిన పిలకలన్నీ పొయ్యిలో వేసినావా? ఒక్కటన్నా మిగలబెట్టుకోలేదు కదా?’’

ఫోను అలాగే వేలాడదీసి పడక గదిలోకి పోయాను. చంటిదాని ముందువైపు ఆకులన్నీ పచ్చగా, నేను రోజూ నిమిరేవి, బాగానే ఉన్నాయి. గ్లాసు పట్టుకుని ఇటు తిప్పాను. గోడవైపు కింది ఆకులు పది పన్నెండు, పసుపుపచ్చగా వేలాడుతున్నాయి. వాటి నిండా గుండ్రని గీతల మచ్చలు. మట్టిలో ఉర్లగడ్డ తొక్కలు నల్లగా కుళ్ళి ఉన్నాయి. టమోటాకు వచ్చే తెగులే ఉర్లగడ్డకూ వస్తుందని, ఆ తొక్కలు కూడా కాల్చేయాలని, మొదటి వారంలో దస్తగిరన్న చెప్పిందే.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మా అమ్మ అనేది. నా విషయంలో ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చంకలోంచి గిల్లిన పిలకనే బల్ల మీద పెట్టుకుని, పక్క సొరంగం పెద్దమనిషిని మోకాళ్ళ మీద పాకించాను.

తిరిగి వచ్చి ఫోను తీసుకున్నాను.

‘‘ఒకటి ఉండాదన్నా. చంటిది అని పేరు పెట్టుకున్యా.’’

‘‘నువ్వు మాట్లాడేది దాంతోనేనా?’’

‘‘ఊఁ.’’

‘‘అట్లనుకుంటాంటి’’ అన్నాడు. కాసేపటికి, ‘‘గ్లాసుతో సహా వేసెయ్, మట్టి మిగలనియ్యాకు’’ అన్నాడు.

పువ్వు మూడు రోజుల కిందటే రాలిపోయి, ఆ చోట శనగగింజంత పిందె ఉంది. దాన్ని తుంచి దాచుకుందామా అని ఒక్క నిమిషం అనిపించిన మాట నిజం. దాచలేదు. పొయ్యి తలుపు మూశాక లోపలి నుంచి టమోటా ఆకు వాసన వచ్చింది, పచ్చిగా.

తర్వాత పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూలం పోయింది. మిగిలిన మచ్చలు వారంలో తీసేయగలను. ఇరవై రెండు రోజులు సున్నాలు వేస్తే పోయి టీ తాగవచ్చు. కానీ నా గోళ్ళ సందుల్లో, జుట్టులో ఏముందో నాకేం తెలుసు? పైన లిఫ్టు పక్కనే అన్ని సొరంగాలకూ నారు పోసే గది. ఆ వాకిలి దాటకుండా ఎవరూ బయటికి పోరు. నా తర్వాత ఈ గదిలో పడుకోబోయే మనిషి ఒకతె ఉంది, ఆమె పేరు కూడా నాకు తెలియదు.

పలకలో అరవై ఒకటి వేశాను. కింద, అంకె చాలన్న చోటనే, ‘‘311 నుంచి నేను పంపిన సున్నాలన్నీ అబద్ధం’’ అని రాసి పంపాను.

339వ రోజు

కేశవులు సారు ఫోన్ చేశాడు. అరవలేదు. అరుస్తాడని సిద్ధంగా ఉన్నదాన్ని, అదీ లేకపోయేసరికి ఇంకా సిగ్గుపడ్డాను.

‘‘తొంభై రోజులు ఓబులమ్మా. ఆఖరి మచ్చ నుంచి. నా చేతిలో ఏం లేదు.’’

‘‘సరే సార్. దస్తగిరన్న పోయినాక అయిదులోకి ఎవురొస్తారు?’’

‘‘ఎవరూ రారు. మూడు నెలలు ఖాళీగా ఆరబెడతాం.’’

అంటే ఆయన పోయినాక నేను పైకి పోయేదాకా ఆ ఫోను మోగదు. మాటల్లేని ఆ పన్నెండు రోజులు ఎలా గడిచాయో తెలిసినదాన్ని కాబట్టి, అన్ని రోజులు ఎలా ఉంటాయో ఊహించడం కష్టం కాలేదు.

348వ రోజు

ఒక్క మచ్చ. నాలుగో సాలు, ఇరవయ్యో మొక్క. తీసేశాను. ఇప్పుడు లేవగానే చేతులు మందునీళ్ళలో ముంచి, దేన్నీ ముట్టకుండా తోటలోకి పోతున్నాను. ముట్టడానికి గదిలో ఏమీ లేదు కూడా. బల్ల మీద గ్లాసు పెట్టిన చోట గుండ్రని మరక మిగిలింది.

359వ రోజు

పదకొండు రోజులుగా సున్నా. నిజమైన సున్నా.

దస్తగిరన్న సామాను సర్దుకున్నానన్నాడు. ఏముంది సామాను, రెండు జతల బట్టలు, పచ్చ తువ్వాలు.

‘‘పోయిరా అన్నా. నా వంతు టీ కూడా నువ్వే తాగు.’’

‘‘రెండు టీలు తాగితే నాకు కడుపుబ్బరం’’ అన్నాడు. నవ్వుదామని చూశాను, కుదరలేదు. ఆయన కూడా నవ్వలేదు.

‘‘అన్నా, ఆ పొద్దు నేనన్న మాట...’’

‘‘యా మాట? నాకేం గ్యాపకం లేదు’’ అన్నాడు.

360వ రోజు

పొద్దున దీపాలు వెలిగాయి. అయిదో సొరంగం లిఫ్టు కదిలితే నా గోడ సన్నగా అదురుతుంది, దింపిన రోజు విన్నాను. ఈ రోజు ఆ అదురు వినకూడదని కావాలని తోట చివరికి పోయి ఇరవై రెండో సాలుకు కాళ్ళు కడుగుతూ కూర్చున్నాను. చెవి మాత్రం అటే ఉంది. ఎంతసేపటికీ గోడ అదరలేదు. ఫోను మోగింది.

‘‘ఏమ్మే ఓబులమ్మా, కాళ్ళు కడిగినావా?’’

‘‘నువ్వింకా పోలేదా అన్నా?’’

‘‘యాడ పోయేది? నా కాడ కూడా మచ్చ పడె. ఇప్పుడే పలకలో ఒకటి అని వేసి పంపితి. కేశవులు సారు తొంభై దినాలన్న్యాడు. ఏం చేస్తాం, ఖర్మ.’’

నా చంటిదాని పాపం గాలి గొట్టంలోంచి ఎదురెక్కి ఆయన్ను కూడా పట్టిందనుకున్నాను.

‘‘యాడ పడిందన్నా? ఏ ఆకు మీద?’’

‘‘పదో సాల్లో. కొస ఆకు మీద.’’

‘‘కొస ఆకు మీదనా?’’

‘‘ఆఁ, పైన. చిట్టచివర్న.’’

కాళ్ళ కాడ నుంచి ఎక్కుతాది, నెత్తి మీద నుంచి దిగదు. ఈ మాట నాకు ఎవరు నేర్పారో ఆయనకు తెలుసు. నాకు తెలుసన్న సంగతీ తెలుసు. ఫోనును రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. నేను పోవడానికి ఇరవై ఏడు సున్నాలు వేశాను. ఈ మనిషి ఉండటానికి ఒక్క ఒకటి వేశాడు. పైన ఆయనకు బిడ్డలున్నారు. వద్దన్నా, ఇప్పుడే సారుకు చెప్పి పో అనాలి. అనాలని నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. నేనంత మంచిదాన్ని కాదు.

‘‘మరి కింది ఆకులు ఎట్లుండాయన్నా?’’ అన్నాను.

‘‘దివ్యంగా ఉండాయి’’ అన్నాడు.

తర్వాత లెక్క చూసుకున్నాను. నా తొంభై 438కి పూర్తవుతాయి, ఆయనవి 450కి. పన్నెండు రోజులు ముందుగా నేనే పైకి పోతాను. పచ్చ తువ్వాలు ఒకటి సంపాదించాలి.